బిల్లు రాసినోడే పాసు చేసిండు

జర ఇటు జరిగి కూసోండ్రి, పొగ అటు కొడ్తున్నది. ఆ తుమ్మమొద్దును లోపలికి నూకు బిడ్డా, మంట మంచిగ అంటుకుంటది.

పొద్దుగాల పంచాయితి ఆఫీసు కాడ మీరు మాట్లాడుకునేది ఇన్న. ఎవరో పెద్ద కాంట్రాక్టరు ఎలక్షన్ల నిలవడుతున్నడట. పైసలున్నోడు, తినెటందుకు రాడు, పని చేసి సూపెడ్తడు అని ఒకడు. పెట్టింది మిత్తితోటి గుంజుకుంటడు గాని ఊకెనే పెడ్తడా అని ఇంకొకడు. కొట్టుకునేదాక పోయిన్రు. నన్నడిగితె ఇద్దరి మాట సుత సగం సగం నిజమే. గసొంటి మనిషి కథ నేను సౌదీల ఉన్నప్పుడు ఇన్నుడు మొదలువెట్టిన, ఇంటికొచ్చినంక అది ఖతమైంది. రఫీక్ హరీరీ అని, లెబనాన్ దేశానికి ప్రధానమంత్రి చేసిండు. అంతకు ముందు మా అసొంటోళ్లకు పని చెప్పే కాంట్రాక్టరు.

ఏమన్నవ్? లెబనాన్ యాడుంటదా? సముద్రం ఒడ్డున, సిరియాకు ఇజ్రాయెల్‌కు నడిమిట్ల. మన పాత కరీంనగర్ జిల్లా కన్న జర చిన్నగనే ఉంటది, 10 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. గంత దేశంల పద్దెనిమిది మతశాఖలు. క్రైస్తవులల్లనే ఎన్నో రకాలు, ముస్లింలల్ల సున్నీలు, షియాలు, ఇంక ద్రూజులని వేరే. ప్రెసిడెంటు మారొనైట్ క్రైస్తవుడే కావాలె, ప్రధాని సున్నీనే కావాలె, స్పీకరు షియానే కావాలె. 1943 కాడికెల్లి వాళ్లకు అదే ఆనవాయితి. ఈ ముచ్చట గుర్తుంచుకోండ్రి, ముంగట పనికొస్తది.

ఎమర్జెన్సీ ఎత్తేసినంక మన దిక్కు పోరగాళ్లు బొంబాయి రైలెక్కుడు షురువైంది. నేను సుత గట్లనే పోయిన, షట్టరింగ్ కార్పెంటర్ వీసా మీద, రియాద్‌కు. మా కంపెనీ వేరే. మా ఫోర్మన్ మాత్రం లెబనాన్ మనిషి, సైదా అనే సముద్రపు ఊరోడు. హరీరీది సుత సైదానే. అందుకనే ఆయన పేరెత్తితె మా ఫోర్మన్ ఛాతి గింత పెద్దగైతుండె. సాయంత్రం ఖుబ్బూస్ రొట్టె, పప్పు ముంగట పెట్టుకోని ఆయన చెప్తుంటె మేం అటో ఇటో అర్థం చేసుకునేది. మిగిలింది తర్వాత పేపర్లల్ల సదువుకున్న.

హరీరీ 1944ల పుట్టిండు. ఉన్నోళ్ల ఇల్లు కాదు. సైదా చుట్టూ నారింజ తోటలుంటయ్, చిన్నతనంల ఆ తోటలల్ల కాయలు తెంపెటందుకు పోయేదట. బీరూట్ అరబ్ యూనివర్సిటీల జరంత సదివి, 1965ల సౌదీకి పోయిండు. పోంగనే షేక్ కాలే బిడ్డా! జెద్దాల పిల్లలకు లెక్కలు చెప్పిండు. తర్వాత ఒక కంపెనీల లెక్కలు రాసిండు. 1969ల సొంతంగ చిన్న సబ్-కాంట్రాక్ట్ కంపెనీ పెట్టిండు, సికోనెస్ట్ అని. సబ్-కాంట్రాక్ట్ అంటె మీకు ఎరికే గద, పెద్దోని చేతి కింద పని, పెద్దోనికి పైసలొస్తెనే మనకు.

1973ల తైలం రేటు ఒక్కపారి లేచింది. సౌదీల పైసలు వాన లెక్క కురిసినయ్. రోడ్డు కావాలె, దవాఖాన కావాలె, పాలెస్ కావాలె, అన్నీ ఇయ్యాల్నే కావాలె. అప్పుడు తాయిఫ్‌ల ఒక హోటల్ పని వడ్డది. తాయిఫ్ అంటె మక్కా మీది గుట్టలల్ల సల్లటి ఊరు, ఎండకాలం రాజులు అక్కడికే పోతరు. రాజు ఖాలిద్‌కు అక్కడ పెద్ద మీటింగ్ ఉన్నది, వచ్చేటోళ్లందరు ఉండెటందుకు హోటల్ కావాలె. టైమేమో నెలలల్లనే. పెద్ద పెద్ద కంపెనీలు మాతోని కాదన్నయ్. హరీరీ ఒప్పుకున్నడు. ఫ్రాన్స్‌ల ఓజే అనే కంపెనీని ఎంటబెట్టుకోని, మస్సారా హోటల్‌ను చెప్పిన టైముకు లేపి చేతుల పెట్టిండు. 1977 నాటి ముచ్చటిది.

అందులో ఏమున్నది గొప్ప అనకుండ్రి. షట్టరింగోన్ని నేను, నాకు తెలుసు. స్లాబు పోసినంక కింద ముట్టుకర్రలు దినాలకు దినాలు ఉండాలె, తీస్తె కూలుతది. కాంక్రీటును తొందరపెట్టలేం. మరి టైం తక్కువైతె ఏం చేస్తరు? ఒక అంతస్తు షట్టరింగు తీసి మీది అంతస్తుకు కొట్టుడు బంద్ చేస్తరు, నాలుగు అంతస్తులకు నాలుగు సెట్లు కొంటరు. ఒక షిఫ్టు జాగల మూడు షిఫ్టులు. రాత్రిపూట లైట్లు పెట్టి పోత. ఓడల రావాల్సిన సామాను విమానంల తెప్పిస్తరు. అంటె ఏంది? టైమును పైసలతోని కొంటరు. ముందుగాల్ల జేబుల నుంచి పెట్టాలె, గుండె ధైర్యం ఉండాలె. ఒక్క దినం ఆలస్యమైనా రాజు ముంగట మొకం సూపెట్టలేడు, అప్పులోళ్లు బతకనియ్యరు. ఆ జూదం ఆడి గెలిచిండు హరీరీ.

దాంతోని దశ తిరిగింది. మరుసటేడే సౌదీ పౌరసత్వం ఇచ్చిన్రు. బయటి దేశపోనికి అది ఇచ్చుడంటె మామూలు ముచ్చట కాదు. మనం ముప్పై ఏండ్లు చేసినా, అక్కడ ఉండెటందుకు ఇచ్చే అకామా కార్డు రెన్యువల్ కోసం కఫీల్ అనే యజమాని ముంగట నిలవడవల్సిందే. ఇంక ఫ్రాన్స్ ఓజే కంపెనీనే కొనేసిండు. సౌదీ ఓజే అని పేరు పడ్డది. పాలెస్‌లు, హోటళ్లు, కాన్ఫరెన్స్ హాళ్లు, ఏ సైటు కాడ సూసినా వాళ్ల బోర్డే. 1980లు వచ్చేసరికి ప్రపంచంల ఎక్కువ ఆస్తున్నోళ్ల లిస్టుల ఎక్కిండు.

మా ఫోర్మన్ ఆయన పైసల గురించి కన్న ఆయన ఇచ్చుడు గురించి ఎక్కువ చెప్పేది. 1979ల సైదాల ఒక ఫౌండేషన్ పెట్టి పిల్లలను సదివించుడు షురువు చేసిండు. బీరూట్‌లనే కాదు, ఫ్రాన్స్, అమెరికా దాక పంపిచ్చి సదివించిండు. అంతా కలిపితె 30 వేల మందికి పైన్నే. సున్నీలకే అని గిరి గీయలే, అన్ని మతాల పోరగాళ్లు పోయిన్రు. అప్పుడు లెబనాన్‌ల అంతర్యుద్ధం నడుస్తున్నది, 1975 కాడికెల్లి. తుపాకి పట్టాల్సిన ఈడు పోరగాని చేతుల పుస్తకం పెట్టుడు చిన్న పని కాదు.

1982ల ఇజ్రాయెల్ ఫౌజు బీరూట్‌ను చుట్టుముట్టి బాంబులేసింది. ఊరు సగం కుప్పలైంది. అప్పుడు హరీరీ తన కంపెనీ లారీలను, బుల్డోజర్లను, మనుషులను దించి గల్లీలల్ల మట్టి, ఇటుకలు ఎత్తిపిచ్చిండు. సొంత ఖర్చుతోనే. జనానికి ఆయన పేరు గట్ల తెలిసింది. ఏ మిలీషియా లీడరు పేరు ఇన్నా మనుషులు చచ్చిన లెక్క గుర్తుకొస్తుండె, ఈయన పేరు ఇంటె సాఫైన రోడ్డు గుర్తుకొచ్చేది.

తర్వాత సౌదీ రాజు తరఫున లెబనాన్ పెద్దల నడుమ మాట్లాడెటందుకు తిరిగిండు. జెనీవా, లొసాన్, డమాస్కస్, ఎక్కడ సమావేశమైతె అక్కడ. చివరికి 1989ల లెబనాన్ ఎంపీలను ఒక్క జాగల కూసోవెట్టిన్రు. ఏ జాగల? తాయిఫ్‌ల! ఆయన హోటల్ కట్టి పేరు తెచ్చుకున్న ఊరే. అంతకుముందు పార్లమెంటుల క్రైస్తవులకు ఆరు సీట్లుంటె ముస్లింలకు ఐదు. తాయిఫ్ ఒప్పందంల సగం సగం చేసుకున్నరు. సున్నీ ప్రధానికి, మంత్రివర్గానికి బలం పెంచిన్రు. 1990ల తుపాకులు ఆగినయ్. పదిహేనేండ్ల కొట్లాటల లక్షమందికి పైన్నే పోయిన్రు.

తుపాకులైతె ఆగినయ్ గాని, పైస కూలబడ్డది. యుద్ధానికి ముందు డాలరుకు రెండు లీరాల పైన జరంత ఉండె. 1992ల రెండు వేలు దాటింది. జనం రోడ్ల మీదికొచ్చి టైర్లు కాలబెట్టిన్రు, సర్కారు దిగిపోయింది. ఆ ఏడాది అక్టోబరుల హరీరీని ప్రధాని చేసిన్రు. ఆయన కుర్చీల కూసోంగనే లీరా జర లేచి నిలవడ్డది. ఇంక ఏ పనీ మొదలు కాలే, వట్టి మనిషిని సూసి లేచింది! ఇంత ఆస్తున్నోడు దేశాన్ని మునగనియ్యడు అని జనానికి నమ్మకం. పొద్దుగాల మీలో ఒకడు అన్న మాటనే గదా ఇది?

ఆయన సుత ఊకె కూసోలే. ఎయిర్‌పోర్టు కట్టిచ్చిండు, రోడ్లేయించిండు, కరెంటు, ఫోన్లు బాగు చేయించిండు. అన్నిట్ల పెద్దది బీరూట్ నడి ఊరు. కొట్లాటల తూర్పు బీరూట్, పడమర బీరూట్ అని రెండు ముక్కలైతె, నడిమిట్ల హద్దు పడ్డ రోడ్ల మీద చెట్లు మొలిచినయ్. అక్కడ పాత బజార్లు, ఒట్టోమాన్ల నాటి ఇండ్లు, అన్నీ గుండ్ల దెబ్బలకు జల్లెడైనయ్. ఒక్కో ఇంటికి పదుల మంది వారసులు, కిరాయిదారులు వేరే. ఎవరి సంతకం ఎవరు పెట్టాలె? అందుకని ఒక చట్టం చేసి, 1994ల సోలిదేర్ అని ఒక ప్రైవేటు కంపెనీ పెట్టిన్రు. జాగలు, ఇండ్లు అన్నీ కంపెనీకి పోతయ్, బదులు ఆస్తిదారులకు షేర్లిస్తరు. బయటోళ్లు పైసలు పెట్టి షేర్లు కొనుక్కోవచ్చు. అట్ల కొన్న పెద్దోళ్లల్ల హరీరీ ఒకడు.

దీంట్ల న్యాయం ఉన్నదా లేదా? రెండు దిక్కుల చెప్తరు. అట్ల చెయ్యకుంటె వారసుల పంచాయితీలు తెగేసరికి ఇంకో ముప్పై ఏండ్లు పట్టేదని కొందరు. మా తాత దుకాణం గుంజుకోని చేతుల కాయితం పెట్టిన్రని కొందరు. యుద్ధంల కూలినయ్ చాలవన్నట్టు, బాగు చేసుకుంటె నిలవడే ఇండ్లను సుత బుల్డోజర్లు కూల్చినయ్. ఆ మట్టి కుప్పలు సముద్రంల నింపి కొత్త జాగ చేసిన్రు. తవ్వుతుంటె కింద రోమన్ల నాటి గోడలు, స్తంభాలు బయటపడ్డయ్. చివరికి మంచి మంచి రాతి బిల్డింగులు లేచినయ్, అద్దాల దుకాణాలొచ్చినయ్. గాని పాత బజార్ల కూరగాయలు అమ్ముకునేటోడు, బట్టలు కుట్టేటోడు మళ్ల అక్కడికి రాలేకపోయిన్రు. కిరాయి అందనంత ఎత్తుకు పోయింది.

ఇప్పుడు అసలు ముచ్చట చెప్త, మంచిగ ఇనుండ్రి.

మన ఊర్ల రెండు వందల గజాల సీసీ రోడ్డు పోసినా, ఏఈ ఇంజనీరు వచ్చి టేపు పట్టి కొలిచి ఎంబీ అనే కొలతల బుక్కుల రాస్తెనే కాంట్రాక్టరుకు బిల్లు. సౌదీల ఇంకా గట్టిగుంటది. మేం షట్టరింగు కొట్టి, ఇనుము కట్టినంక కన్సల్టెంట్ ఇంజనీరు రావాలె. ఇనుము నడుమ దూరం కొలుస్తడు, సంతకం పెడ్తడు, అప్పుడే పోత. మా కంపెనీ ముదీర్, అంటె మేనేజరు, ఎంత పెద్దోడైనా, ఆ సంతకం కోసం ఎండల నిలవడవల్సిందే. ఎందుకంటె కన్సల్టెంట్ మా జీతగాడు కాదు, ఓనర్ మనిషి. కాంట్రాక్టరు వేరే, కొలిచేటోడు వేరే. అందుకే బిల్డింగులు నిలుస్తయ్.

లెబనాన్‌ల ఏమైంది? పునర్నిర్మాణం చూసే సర్కారు బోర్డుకు పెద్ద ఎవరంటె, హరీరీ కంపెనీల చేసిన ఇంజనీరే. ఆర్థిక శాఖ హరీరీనే తన దగ్గర పెట్టుకున్నడు, దాని పని సూసెటందుకు తన వ్యాపారంల పనిచేసిన ఫువాద్ సినియోరాను మంత్రి చేసిండు. సెంట్రల్ బ్యాంక్ గవర్నరుగ వచ్చిన రియాద్ సలామే, మెరిల్ లించ్‌ల హరీరీ పైసల లెక్క సూసినోడు. సర్కారు అప్పు కోసం బాండ్లు అమ్మితె కొనేటియి బ్యాంకులు, వడ్డీ మస్తు. ఆ బ్యాంకులల్ల ఒకటి హరీరీదే. 1993ల టీవీ పెట్టిండు, 1999ల పేపరు పెట్టిండు. దొంగతనం చేసిండని నేను అంటలేను. వాళ్లల్ల మస్తు మంది చేతనైనోళ్లే. గాని కట్టేటోడు, కొలిచేటోడు, బిల్లు పాసు చేసేటోడు అంతా ఒక్క ఇంటోళ్లే అయిన్రు. పని తప్పో ఒప్పో చెప్పేటోడు మిగల్లే.

తాయిఫ్‌ల టైమును పైసలతోని కొన్నట్టే లెబనాన్‌ల సుత కొన్నడు. గాని అక్కడ రాజు బిల్లు కట్టిండు, ఇక్కడ కట్టాల్సింది జనం. ఆయన ఎక్కినప్పుడు దేశం అప్పు సుమారు 300 కోట్ల డాలర్లు. 2004ల ఆయన దిగేటప్పటికి 3,000 కోట్లు దాటింది. లీరాను డాలరుకు 1,507 కాడ కట్టేసి ఉంచిన్రు, అది ఉంచెటందుకే మళ్ల అప్పు. అంతా ఆయన నెత్తినే వేసుడు న్యాయం కాదు. మిలీషియా లీడర్లు కోట్లేసుకోని మంత్రులై కూసున్నరు, వాళ్లను చల్లగ ఉంచెటందుకు పైసలు పారినయ్. సిరియా ఫౌజు 1976 కాడికెల్లి దేశంల తిష్ఠ వేసుకోని ఉన్నది, వాళ్లు ఊ అననిది ఏదీ కాదు. దక్షిణం దిక్కు ఇజ్రాయెల్ ఫౌజు 2000 దాక ఉన్నది.

1998ల ఎమిల్ లహూద్ ప్రెసిడెంటు అయిండు, ఆయనకు హరీరీకి పడలే, హరీరీ దిగిపోయిండు. 2000ల ఎలక్షన్ పెడితె బీరూట్ సీట్లు దాదాపు అన్నీ ఊడ్చుకోని మళ్ల వచ్చిండు. 2004ల లహూద్ పదవిని ఇంకో మూడేండ్లు పొడగించాలని సిరియా పట్టుబట్టింది. హరీరీని డమాస్కస్ పిలిపించుకోని మాట్లాడిన్రు. ఆయనకు ఇష్టం లేదు, అయినా ఓటేసిండు. అక్టోబరుల రాజీనామా పెట్టిండు. డబ్బున్నది, పేరున్నది, ఫ్రాన్స్ ప్రెసిడెంటు షిరాక్ దోస్తు, సౌదీ రాజు దోస్తు. అయినా సొంత దేశంల సొంత ఓటు సొంతంగ వేసుకోలేకపోయిండు సూడుండ్రి!

2005 ఫిబ్రవరి 14. పార్లమెంటు నుంచి బయటికొచ్చి, పక్క కేఫుల కాఫీ తాగుకుంట విలేకరులతోని మాట్లాడిండు. ఇంటికి పోయెటందుకు కారు తనే నడుపుకుంట పోతున్నడు, పక్కన మాజీ మంత్రి బాసిల్ ఫులైహాన్. సముద్రం ఒడ్డున సెయింట్ జార్జ్ హోటల్ ముంగటికి రాంగనే ఒక లారీల పెట్టిన బాంబు పేలింది. రోడ్డుకు పెద్ద గుంత పడ్డది. ఆయనతోని కలిపి 22 మంది పోయిన్రు. ఫులైహాన్ కాలిన గాయాలతోని రెండు నెలలకు పోయిండు. ఆ హోటల్ ఓనరుకు సోలిదేర్‌తోని ఏండ్ల కొద్ది కొట్లాట ఉండె. బిల్డింగు మీద ఆ కంపెనీకి వ్యతిరేకంగ పెద్ద బ్యానర్ సుత కట్టిండు. హరీరీ ప్రాణం ఆ బిల్డింగు ముంగటనే పోయింది.

నెల రోజులకు, మార్చి 14న, లక్షల మంది బీరూట్ నడి ఊర్లకు వచ్చి నిలవడ్డరు. ఏప్రిల్ ఆఖరికి సిరియా ఫౌజు ఇల్లు పట్టింది. ఇరవై తొమ్మిదేండ్ల తిష్ఠ! బతికుండంగ చెయ్యలేనిది చచ్చి చేసిండని మా ఫోర్మన్ అసొంటోళ్లు అనుకుని ఉంటరు. ఐక్యరాజ్య సమితి కోర్టు పెట్టింది, 2020ల హిజ్బుల్లా అనే షియాల పార్టీ మనిషి ఒకన్ని దోషి అన్నది, 2022ల అప్పీలుల ఇంకో ఇద్దరిని అన్నది. మనుషులు దొరకనే లేదు, వాళ్లు లేకుండనే తీర్పు. హిజ్బుల్లా పెద్దల చెయ్యి గాని, సిరియా చెయ్యి గాని ఉన్నదని నేరుగ సాక్ష్యం లేదని జడ్జీలే చెప్పిన్రు.

తర్వాత కొడుకు సాద్ ప్రధాని అయిండు, దిగిండు, మళ్ల అయిండు. 2022ల రాజకీయాలకు సెలవు చెప్పిండు. మన దిక్కోళ్లకు ఎక్కువ తెలిసింది మాత్రం కంపెనీ ముచ్చట. తైలం రేటు పడ్డంక సౌదీ సర్కారు బిల్లులు ఆగినయ్, సౌదీ ఓజేల జీతాలు ఆగినయ్. 2016ల జెద్దా క్యాంపులల్ల మన దేశపోళ్లు వేల మంది తిండికి తిప్పలు పడ్డరని పేపర్లల్ల వచ్చింది. కాన్సులేటోళ్లు బియ్యం, పప్పులు పంచిన్రు. మంత్రి వీకే సింగ్ పోయిండు మాట్లాడెటందుకు. 2017 జూలై ఆఖరుకు కంపెనీకే తాళం పడ్డది. లెబనాన్ల 2019ల బ్యాంకుల పైసలు బంద్ అయినయ్. హరీరీ నాడు 1,507 కాడ కట్టిన లీరా, 2023 వచ్చేసరికి బయట బజార్ల డాలరుకు 80 వేలు దాటింది. ముప్పై ఏండ్లు సెంట్రల్ బ్యాంకు కుర్చీల ఉన్న సలామేను 2024ల అరెస్టు చేసిన్రు.

అయితె ఆయన మంచోడా చెడ్డోడా అంటరా? నేను ఆయనకు దండం పెడ్త. 30 వేల మంది పిల్లలను సదివించినోనికి పెట్టకుంటె ఎవలికి పెట్టాలె? గాని ఆయన మంచితనం మీదనే దేశం నడిచింది సూడుండ్రి, అదే దెబ్బ కొట్టింది. మంచోడు చెక్కు రాస్తుంటె లెక్క అడిగెటందుకు జనానికి మొకం చెల్లదు. అడగడం అలవాటు తప్పినంక, మంచోడు పోయి ఇంకొకడు వచ్చినా ఎవ్వడూ అడగడు.

గా కాంట్రాక్టరుకు మీరు ఓటేస్తరో లేదో మీ ఇష్టం, నేను చెప్ప. పైసలెన్ని ఉన్నయని అడగకుండ్రి, మనసు మంచిదేనా అని సుత అడగకుండ్రి. ఆయన గెలిచినంక ఆయన పనులను టేపు పట్టి కొలిచేటోడు ఎవడు, వాడు ఎవని జీతగాడు అని అడుగుండ్రి. ఆ మాట అడిగితె కోపానికి వస్తడా, కూసోవెట్టి చెప్తడా, అక్కడనే తెలిసిపోతది మీకు.